గంటమ్మ నోరు కట్టుకున్న తపస్సుకాలం

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. దాన్ని జ్ఞానస్నానం నాడు ఒకసారి, పెళ్ళినాడు ఒకసారి పలికారు, అంతే. మిగతా బతుకంతా ఆమె గంటమ్మే. చర్చి గుడిగంట తాడు తెగిపోయిన ఏడాది, కొత్త తాడు వచ్చేదాకా జనం గంటమ్మ మొగుణ్ణి పిలిచే కేక విని ప్రార్థనకు బయలుదేరారని వీధిలో ఒక ముచ్చట ఉండేది. అబద్ధమే అనుకోండి. కానీ విన్నవాళ్ళెవరూ నమ్మకుండా ఉండలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన గంటమ్మకు ఊళ్ళో ఒక్క మనిషీ మిగలకూడదు. మరి ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరింట్లో శవం లేచినా ముందు కబురు వెళ్ళేది ఆమెకే. వచ్చి, అక్కడున్న నలుగురినీ నాలుగు తిట్టి, పొయ్యి వెలిగించి, ఏడ్చేవాళ్ళ చేత బలవంతాన రెండు గుటకలు తాగించి వెళ్ళేది. ఆమె తిడుతోందంటే అక్కడ పని జరుగుతోందని అర్థం.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళికి ముందు నుంచీ ఆమెకు మరమగ్గాల షెడ్డులో పని. రేకుల కప్పు కింద వరసగా మగ్గాలు దడదడలాడుతుంటే పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప మాట అందదు. పోగు తెగిందని చెప్పాలన్నా అరవాలి, మంచినీళ్ళు కావాలన్నా అరవాలి. కొత్తగా చేరినవాళ్ళు వారం తిరక్కుండా గొంతు బొంగురుపోయి ఏడుస్తారు. పాతవాళ్ళు మెల్లగా మాట్లాడటం మరిచిపోతారు. ఇంటికొచ్చాక కూడా గంటమ్మ చెవుల్లో మగ్గాలు ఆడుతూనే ఉండేవి. వాటిమీద గొంతు వేస్తున్నాననుకునేది. పడేది మాత్రం మొగుడి మీద.

మొగుడు వడ్రంగి. అందరూ మేస్త్రి అంటారు. సన్నటి మనిషి, నిదానస్థుడు, చెక్కకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు సుత్తి వేసేవాడు. మాట తక్కువ, మొండి ఎక్కువ. ఇంటి ముందు రేకుల పాకలోనే అతని పని. షుగర్ పట్టి చాలా ఏళ్ళయింది. మొదట చూపు మసకబారింది, అది కళ్ళజోడుతో సర్దుకుంది. తర్వాత అరికాళ్ళకు స్పర్శ పోయింది. ఒకరోజు సాయంత్రం చెప్పు విడవబోతే అది కాలికే అంటుకుని రాలేదు. తిప్పి చూస్తే చెప్పునూ కాలినీ కలిపి ఒక స్క్రూ దిగి ఉంది. పొద్దున్నుంచీ దానిమీదే నడిచాడట.

"చీమ కుట్టినట్టు కూడా లేదే," అన్నాడు, ఎవరి కాలో చూస్తున్నట్టు.

ఆస్పత్రిలో కట్టు కట్టిన నర్సు గంటమ్మను పక్కకు పిలిచింది. "అమ్మా, ఈయన కాళ్ళకు ఇక నొప్పి తెలీదు. ఆ నొప్పి నీ కళ్ళకే తెలియాలి. రోజూ చూడు. వేళ్ళ సందుల్లో చూడు, మడమ చూడు. చిన్న పుండైనా పరిగెత్తుకురా."

"ఒకరోజు చూడకపోతే?"

"చూడకపోతే కాలు పోతుంది," అంది నర్సు, కత్తెర కడుక్కుంటూ.

ఇక గంటమ్మ ఊరుకుంటుందా? సాయంత్రం షెడ్డు నుంచి రాగానే, జుట్టుకంటిన నూలు కూడా దులుపుకోకుండా వీధిలోంచే మొదలుపెట్టేది.

"ఏమయ్యోయ్! కాళ్ళు!"

రంపం చప్పుడు వినిపిస్తుంది.

"నిన్నే! చెవుల్లో రంపప్పొట్టు పోసుకున్నావా?"

"వస్తున్నాలేవే."

"నువ్వొచ్చేసరికి పుండు పండై పాకాన పడుతుంది. లేస్తావా, లేకపోతే ఆ బల్లతో సహా ఈడ్చుకురానా?"

మూడో కేకకు లేచేవాడు. గుమ్మం దగ్గర పీట మీద కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని, టార్చి వేసి ఒక్కో వేలూ విడదీసి చూసేది. చూసినంతసేపూ నోరు ఆగేది కాదు. గోళ్ళు తీసుకోలేదని ఒకటి, ఆస్పత్రివాళ్ళు వెయ్యమన్న మేజోళ్ళూ బూట్లూ వేసుకోలేదని ఒకటి, టీలో చక్కెర వేసుకున్నావు కదూ అని ఇంకొకటి. "మేస్త్రికి పాఠం మొదలైందిరోయ్" అనుకుంటూ పోయేవాళ్ళు దారిన పోయేవాళ్ళు. అతను పళ్ళు బిగబట్టి గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ పీట మీద కూర్చోవడం అతనికి చచ్చేంత నామోషీ. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, గంటమ్మకు తోచనూ లేదు.

ఇలా ఉండగా ఆ ఏటి తపస్సుకాలం వచ్చింది. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఏదో ఒకటి వదులుకోవాలి, లేదా ఏదో ఒక మంచిపని నెత్తికెత్తుకోవాలి. ముందురోజు షెడ్డు వెనక టీ తాగే వేళ ఆడవాళ్ళంతా ఎవరేం మానేస్తున్నారో చెప్పుకుంటున్నారు. ఒకామె టీవీ సీరియల్ అంది.

"నువ్వు సీరియల్ మానేస్తే మీ అత్తగారి మీద పడతావే. తపస్సు ఆవిడదవుతుంది," అంది ఇంకొకామె.

"నేను టీ మానేస్తున్నా," అంది గంటమ్మ పక్క మగ్గం ఆవిడ, గ్లాసు ఊదుకుంటూ.

"ఎప్పట్నుంచి?"

"రేపట్నుంచి. అందుకే ఇవాళ రెండోది."

"నేను మాంసమే. ఏటా అదేగా," అంది గంటమ్మ.

అప్పుడు నూలు బాబిన్లకు చుట్టే ఆవిడ అంది, "మాంసం ఎందుకు గంటమ్మక్కా, నోరు మానెయ్యరాదూ? అన్నయ్యకు బతికుండగానే మోక్షం వస్తుంది."

అందరూ విరగబడి నవ్వారు. గంటమ్మ కూడా నవ్వింది. "పోవే, నా నోరు మూతపడితే మీ ఆయన పనికి లేచేదెట్లా?" అని తిప్పికొట్టింది. తిప్పికొట్టింది గానీ ఆ మాట ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

మర్నాడు గుడిలో ఫాదరుగారి ప్రసంగం దాన్ని ఇంకాస్త లోపలికి దింపింది. ఫాదరుగారు కుర్రవాడు, మాట సూటిగా అనేవారు. "మాంసం ధర పెరిగిందని మానేస్తే అది తపస్సు కాదు, పొదుపు. మీకు లోటు తెలియనిదాన్ని వదిలితే దేవుడికేం ఒరుగుతుంది? మీ ఇంట్లోవాళ్ళు మీలో దేన్ని భరిస్తున్నారో అడగండి. అది వదలండి," అన్నారు.

ఫాదరుగారు నుదుట పెట్టిన బూడిదతో ఇంటికి నడుస్తూ గంటమ్మ అడిగింది. "ఏమయ్యా, నువ్వు నాలో దేన్ని భరిస్తున్నావు?"

మేస్త్రి అడుగు వేగం పెంచాడు. "ఇప్పుడవన్నీ ఎందుకులే."

"చెప్పు. తిట్టను."

"అదే," అన్నాడు మేస్త్రి.

గంటమ్మ మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళు తను గొంతు చించుకున్నది ఎవరికోసం? అతని కాలికోసం, అతని కంటికోసం, అతని కడుపుకోసం. అదంతా అతనికి పోరులాగే చేరిందన్నమాట. ఏడుపొచ్చింది, ఏడవలేదు. నడిరోడ్డు మీద ఆగిపోయి అంది, "సరే. ఈస్టర్ దాకా నా నోట నీమీద గట్టిమాట రాదు. దేవుడిమీద ఒట్టు."

"నువ్వా?"

"నేనే."

మేస్త్రి నవ్వాడు. తన తపస్సుగా అతను గుడి బెంచీల మరమ్మతు నెత్తికెత్తుకున్నాడు. మోకరించే చెక్కలు చాలావరకు ఊడిపోయి, మేకులు పైకి లేచి, ఆడవాళ్ళ బట్టలు చిరుగుతున్నాయి. ఈ కాలమంతా సాయంత్రాలు కూలి తీసుకోకుండా వాటిని బాగుచేస్తానని ఫాదరుగారికి మాటిచ్చాడు.

ఒట్టు పెట్టుకున్న మొదటి సాయంత్రం గంటమ్మ వీధిలో కేక వెయ్యలేదు. మెల్లగా వచ్చి, పాక గుంజకు ఆనుకుని నిలబడి, "కాళ్ళు చూపిస్తావా?" అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"బాగానే ఉన్నాయిలే. బెంచీల పనుంది, పోవాలి," అన్నాడు మేస్త్రి.

ఆమె పెదవి కొరుక్కుంది. మర్నాడు మళ్ళీ అడిగింది. "పొద్దున నేనే చూసుకున్నాను," అన్నాడు. అరికాలు ఎలా చూసుకున్నాడో, ఆ చూపుతో ఏం కనబడిందో ఆమె అడగాలి. అడిగితే అది తిట్టు అయిపోతుందని తెలుసు. అడగలేదు. మూడోసారి అడగడానికి కూడా భయమేసింది, ఎందుకంటే మూడోసారి ఎప్పుడూ కేకే.

మెల్లగా అడిగి, నవ్వుతూనే పట్టుబట్టి చూడొచ్చు కదా అంటారు మీరు. చూడొచ్చు. కానీ ఆమెకు తెలిసిన విద్యలు రెండే, అరవడం, ఊరుకోవడం. ఆ రెంటికీ మధ్య ఉన్నదాన్ని మగ్గాల షెడ్డు ఎవరికీ నేర్పలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది, దాచడం ఎందుకు. ఆ రోజులు బాగున్నాయి. గుడి నుంచి తిరిగొచ్చాక మేస్త్రి తిన్నగా ఇంట్లోకి వచ్చి ఆమె పక్కన గుమ్మంలో కూర్చునేవాడు. ఇన్నేళ్ళలో అతను అలా కూర్చున్నది లేదు. పని నేర్చుకునే రోజుల్లో గురువు పళ్ళసెట్టు జిగురు డబ్బాలో పడిపోయిన కథ చెప్పాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఒకరోజు ఆమె వీపు నొప్పి చూసి, కూర్చోవడానికి వీలుగా వీపు ఆనే చిన్న కుర్చీ చేసి పెట్టాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత మాట్లాడని మనిషి ఇప్పుడు ఆమె రాకకోసం వీధి చివరిదాకా చూస్తున్నాడు. గంటమ్మకు సిగ్గేసేది, సంతోషమూ వేసేది. ఇన్నాళ్ళూ ఈ మనిషిని నేనే తరిమేశానా అనుకునేది.

పక్కవాటాలోనే ఉండే ఆడపడుచు, మేస్త్రి చెల్లెలు, అదంతా చూసి దిష్టి తీసి మెటికలు విరిచింది. "పోరు నష్టం, పొందు లాభం అన్నారు వదినా. ఇప్పటికి తెలిసొచ్చింది నీకు. మా అన్నయ్య మొహం చూడు, పెళ్ళికొడుకులా ఉన్నాడు."

ఈస్టర్ ఇంకా కొన్ని వారాలుందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం గంటమ్మ బట్టలు ఉతుకుతోంది. మేస్త్రి మేజోడు ఒకటి చేతికి గట్టిగా తగిలింది. అడుగున అట్టకట్టి, పసుపూ గోధుమరంగూ కలిసిన మరక. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు తెలుసు. మంచాన పడ్డవాళ్ళను ఎంతమందిని తుడిచింది! మేజోడు పట్టుకుని పాక దగ్గరకు వెళ్ళింది.

"ఇదేంటి?" మెల్లగానే అడిగింది.

మేస్త్రి చూశాడు. చూసి, చెక్కమీదికి వంగాడు. "వార్నిషు. గుడిలో డబ్బా ఒలికింది."

వార్నిషు వాసన తెలియనిదా గంటమ్మ? వడ్రంగి పెళ్ళాం! కేక గొంతుదాకా వచ్చింది. "తియ్యి ఆ బూటు!" అన్న మాట నాలుక చివర నిలబడింది. ఆ క్షణంలోనే ఆమెకు పొద్దుటి ప్రసంగం గుర్తొచ్చింది. "సగం దారిలో శోధన వస్తుంది. ఒట్టు తప్పడమే న్యాయమని, అవసరమని మీకు అనిపించేటట్టు చేస్తుంది. అప్పుడు నిలబడినవాడిదే తపస్సు," అన్నారు ఫాదరుగారు. ఇది అదేననుకుంది. సైతాను మేజోడు రూపంలో వచ్చాడనుకుంది పిచ్చిది. పళ్ళు గట్టిగా కరిచి, వెనక్కి వచ్చి, ఆ మేజోడును రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. తర్వాత మోకరించి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంది. గెలిచాననుకుంది.

ఆ తర్వాత మరకలు కనబడలేదు. మేస్త్రి తన మేజోళ్ళు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. "నీ వీపు నొప్పి కదా," అన్నాడు. ఆమె దానికి మురిసిపోయింది.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు గుడిలో ఆఖరి బెంచీ బిగిస్తూ మేస్త్రి వణికిపోయాడు. ఫాదరుగారు పట్టుకునేలోపే బెంచీల మధ్య పడిపోయాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. గంటమ్మ షెడ్డు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆస్పత్రిలో బూటు కత్తిరించి తీస్తున్నారు. తీయగానే గదిలో ఉన్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. బూటు అడుగులోంచి ఒక పాత తుప్పు మేకు, మోకరించే చెక్కల్లోంచి పీకినదే, మొన లోపలికి పొడుచుకొచ్చి ఉంది. పాదం సగం నల్లబడింది. రెండు వేళ్ళు వేళ్ళలా లేవు.

"ఇన్నిరోజులు ఇంట్లో ఏం చేస్తున్నారమ్మా?" అని డాక్టరు విసుక్కున్నాడు.

"తపస్సు చేస్తున్నాం," అంది గంటమ్మ.

డాక్టరు ఆమెను ఎగాదిగా చూసి, మతి చలించిందనుకుని, సంతకం ఆడపడుచు చేత పెట్టించుకున్నాడు. మర్నాడు మోకాలి కిందికి తీసేశారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటాం కదా, మాట వరసకు. గంటమ్మ ఆ తలుపు బయట కూర్చుని దాన్ని మాట వరసకు కాకుండా తెలుసుకుంది.

ఆడపడుచు వరండాలో అందరూ వినేటట్టు ఏడ్చింది. "ఊరందరిమీదా లేచే నోరు, మా అన్నయ్య కాలు కుళ్ళుతుంటే పెగల్లేదా నీకు? నువ్వు మనిషివా?" పొందు లాభం అన్నది ఆవిడేనని గంటమ్మ గుర్తుచెయ్యలేదు. గుర్తుచేసి ఏం లాభం? ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేముంది?

ఫాదరుగారు వచ్చారు. సంగతంతా విన్నారు. "అమ్మా, నేను తిట్టడం మానమన్నాను. చూడటం మానమనలేదు," అన్నారు. పాపం, కుర్రవాడు.

"నాకు రెండూ ఒకటే ఫాదర్," అంది గంటమ్మ. "నేను తిట్టకుండా ఎప్పుడూ చూడలేదు."

ఈస్టర్ రోజు వార్డు కిటికీలోంచి గుడిగంటలు వినిపించాయి. ఒట్టు తీరిపోయింది. మేస్త్రి దిండుకు ఆనుకుని, దుప్పటి కింద కాలు లేనిచోట చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. గంటమ్మ మంచం పక్కన స్టూలు మీద ఉంది.

"నీకొకటి చెప్పాలే," అన్నాడు. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"కాలికి పుండు పడిన సంగతి. మేజోడు తడిసిందని నీకంటే ముందే చూశాను. కాలు తిప్పి అద్దంలో చూసుకున్నాను కూడా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మళ్ళీ మొదలుపెడతావు కదా. ఈస్టర్ దాకా ఓర్చుకుందాం, తర్వాత ఎటూ నువ్వు అరుస్తావు, అప్పుడే చూపిద్దాం అనుకున్నాను. నొప్పి లేదు కదా, అంత పెద్దదవుతుందని తెలీలేదు." అతని మొహంలో కోపం లేదు, అదే ఆమెను చంపేసింది. "నా బతుకులో అంత బాగున్న రోజులు లేవే. సాయంత్రం అయితే చాలు, నువ్వెప్పుడొస్తావా అని ఉండేది. కాలు పోయిందని కాదు ఏడుపొస్తున్నది. ఆ రోజులు అయిపోయాయని."

గంటమ్మ లేచి వరండాలోకి వెళ్ళింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తన నోరు అతనికి అంత భయమని, కాలు కుళ్ళబెట్టుకోవడం దానికంటే నయమనిపించిందని ఏ పెళ్ళానికి వినాలనుంటుంది? తిట్టి బతికించినన్నాళ్ళు అతను బతుకు లెక్కలో వేసుకోలేదు. ఊరుకుని చంపబోయిన రోజుల్నే దాచుకున్నాడు. ఆ న్యాయం ఎవరితో చెప్పుకోవాలి?

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. రెండో కాలు కూడా అలాంటిదే, స్పర్శ లేదు, బరువంతా ఇక దానిమీదే. రోజూ చూడకపోతే అదీ పోతుంది. అది పోతే మనిషి ఎక్కువకాలం ఉండడు. వీల్‌చైరు తోస్తూ మేస్త్రి తలమీదుగా గంటమ్మ విన్నది. మేస్త్రీ విన్నాడు.

మళ్ళీ పనిలోకి వెళ్ళిన మొదటిరోజు సాయంత్రం గంటమ్మ షెడ్డు నుంచి మెల్లగా నడిచొచ్చింది. దారిపొడుగునా ఆ మెత్తటి గొంతును నోట్లో సిద్ధం చేసుకుంటూనే ఉంది. మేస్త్రి మంచంమీద కూర్చుని ఉన్నాడు, ఆమెను చూడగానే మొహం విప్పారింది. పక్కన చోటు చేసి చేత్తో తట్టాడు.

"కాలు చూపిస్తావా?" అంది.

మేస్త్రి కాలు దుప్పటి కిందికి లాక్కున్నాడు. "రేపు చూద్దువులేవే. అలిసిపోయి వచ్చావు, ఇలా కూర్చో. నీకోసమే చూస్తున్నా."

"ఒక్కసారి చూసి కూర్చుంటాను."

"రేపు చూద్దువులే అన్నానా?" నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూసి ఆమె ప్రాణం లాగింది. కూర్చోవాలని ఉంది. ఆ పక్కన కూర్చుని, అతను చెప్పే ఏదో ఒక పాత కథ విని, తల అతని భుజానికి ఆనించాలని ఉంది. ఒక్కరోజుకు ఏమవుతుంది అని కూడా అనిపించింది. అలా అనిపించగానే ఆమెకు, చూడకపోతే కాలు పోతుందన్న నర్సు మాట గుర్తొచ్చింది.

"తియ్యి ఆ దుప్పటి!" అని అరిచింది.

పక్కవాటాలో గిన్నె కిందపడింది. వీధిలో పోతున్నవాళ్ళు ఆగారు.

"ఒకటి మింగి కూర్చున్నావు, చాలలేదా? రెండోది కూడా గుంటలో పెట్టి రమ్మంటావా? తియ్యమంటున్నది నిన్ను కాదూ! సిగ్గులేని మనిషీ, మొండి పీనుగా, తియ్యి!"

మేస్త్రి మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆమెను ఒకసారి చూసి, దుప్పటి తనే తీసేసి, గోడవైపు తిరిగిపోయాడు. గంటమ్మ నేలమీద చతికిలబడి ఆ కాలు ఒళ్ళో పెట్టుకుంది. టార్చి వేసి ఒక్కో వేలూ విడదీసి చూసింది. కళ్ళు కనబడకుండా నీళ్ళు కారుతుంటే భుజానికి తుడుచుకుని మళ్ళీ చూసింది. తిట్టడం మాత్రం ఆపలేదు.

ఆ కాలు అతను పోయేదాకా అతనితోనే ఉంది. అది చాలా ఏళ్ళు. ఆ ఏళ్ళన్నిటిలో మేస్త్రి మళ్ళీ ఎప్పుడూ ఆమెకు పక్కన చోటు చెయ్యలేదు.